కాళ్లకాడ పంజాలు

జూలై 8

రజితకు మెలకువ వచ్చింది. మూడు రోజులకు. ముందు కూతురిని అడిగింది, చిన్ని బడికి పోయిందని చెప్పాను. ఆ తరువాత, "అత్తమ్మా, నా కుడి చెయ్యేది?" అంది.

చెయ్యి పక్కనే ఉంది. దుప్పటి మీద, గాజులు తీసేసిన చెయ్యి. ఎత్తి చూపించాను. ఆ చెయ్యి నా చేతిలో ఉన్నట్టు ఆమెకు తెలియడం లేదు.

నర్సు వచ్చి వేళ్లు ఒక్కొక్కటే నొక్కింది. ఇది తెలుస్తుందా... లేదు. ఇది?... లేదు. బొటనవేలి దాకా వచ్చేసరికి నేను వరండాలోకి వచ్చేశాను.

జూలై 9

రైలెక్కిన సంగతి గుర్తు లేదట. నెక్కొండలో కమ్మరి దగ్గర మగ్గం పంజాలు తీసుకోవడం వరకు గుర్తుంది. అతని భార్య మజ్జిగ ఇచ్చింది, అందులో ఉప్పు ఎక్కువైంది, అది కూడా గుర్తుంది. ఆ తరువాత ఏమీ లేదు. తలకు దెబ్బ తగిలితే అంతేనట, కొందరికి మెల్లగా తిరిగి గుర్తుకు వస్తుంది, కొందరికి రాదు అని డాక్టరు చెప్పాడు.

రాకపోతే బాగుండు అనుకున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం, ఇక్కడ కూడా నటించడం ఎందుకు.

జూలై 10

ఒకసారి మొత్తం రాసి పెట్టుకోవాలి. తరువాత నాకు నేనే మార్చి చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పన్నెండు పంజాలు, మా వీధిలో మగ్గాలన్నిటికీ కలిపి. ఈ ఇనుప పళ్లతో కొడితేనే పేక నూలు కిందకు దిగి, నేల మీద పరిచే దరీ బిగుస్తుంది. పాతపద్ధతిలో చేసేవాడు నెక్కొండ కమ్మరి ఒక్కడే మిగిలాడు. గోనె బస్తాలో కట్టి ఇచ్చాడు. నేను, రజిత చెరో పక్క పట్టుకుని బండి ఎక్కించాం. జనం పెద్దగా లేరు. నేను ఎదురు సీట్లో కూర్చున్నాను, రజిత కిటికీ పక్కన కూర్చుని బస్తాను తన సీటు కిందకు తోసింది. కాలితో తోసింది. కాలికి చెప్పు ఉంది.

నాకు ఒళ్లు మండింది. "కాళ్లకాడ పంజా పెడ్తరా? మనకు అన్నం పెట్టేది గదే" అన్నాను. నలుగురికీ వినబడాలనే అన్నాను.

"బరువున్నది అత్తమ్మా, కిందనే ఉండనియ్యుండ్రి" అంది.

వినలేదు. బస్తాను బయటకు లాగి, తాకి కళ్లకు అద్దుకున్నాను. నా పక్క సీటాయన ఒక చెయ్యి వేశాడు, పైన సామాను బల్ల మీదకు ఎక్కించాం. సరిగ్గా ఆమె తల మీదకు. నా తల పైన కూడా ఖాళీ ఉంది. అక్కడ పెట్టలేదు.

వరంగల్ స్టేషన్ ఔటర్ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. చాలాసేపు ఆగింది. వెనక నుంచి ఒక ఇంజన్ వచ్చి తగిలింది. ఎందుకు వచ్చిందో విచారణ చేస్తారట. పెద్ద వేగం కూడా కాదు. పెట్టె పట్టాల మీదే ఉంది, ఒక్క కిటికీ రెక్క కూడా ఊడలేదు. కూర్చున్నవాళ్లం తూలాం, నిలబడ్డవాళ్లు పడ్డారు. బస్తా పైనుంచి వచ్చింది. ఆ చప్పుడు గురించి రాయను.

జూలై 11

దవాఖాన గేటు దగ్గర టీ తాగుతూ సంపత్ అడిగాడు. "అంత బరువు పైన ఎవలు పెట్టిన్రే అమ్మా?"

"నీ పెండ్లామే" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. వాడు గ్లాసు కింద పెట్టాడు. దానికి ఎప్పుడూ అక్కల్ లేదు, ఎన్నిసార్లు చెప్పినా అంతే అన్నాడు. వాడు తిడుతుంటే నేను వద్దనలేదు. ముందు బస్తా సీటు కిందే ఉండేదన్న సంగతి వాడికి చెప్పలేదు. అది ఎవరికీ చెప్పలేదు.

జూలై 12

చెప్పాలి. రేపు.

జూలై 13

చెప్పలేదు.

జూలై 15

ప్రమాదం మరునాటి పేపరు ఇవాళ దొరికింది. లోపలి పేజీలో, కింద, నాలుగు వరుసలు. పలువురికి స్వల్ప గాయాలు అని రాశారు.

స్వల్ప గాయాలను లెక్కపెట్టడానికి వార్డులో తిరిగి వచ్చాను. తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్న ఒక సారుకు మెడ కింద ఎముక విరిగింది. నెక్కొండలోనే ఎక్కిన ఒకామెకు ఎదురు సీటు అంచు తగిలి ముందు పళ్లు రెండు ఊడాయి. ఒక ముసలాయన నొసలు ఎవరిదో స్టీలు డబ్బా వచ్చి చీల్చింది. డబ్బా ఎవరిదో ఇప్పటికీ తెలియదట. దొరికితే తంతానంటాడు. డబ్బా మనిషి నాకంటే నయం, ఊరూ పేరూ లేకుండా దిగిపోయాడు.

జూలై 21

మెడ దగ్గర నుంచి చేతికి పోయే నరాలు తెగాయి. మూడు. వేర్లతో సహా ఊడినట్టు ఫిలింలో కనిపిస్తుందట. హైదరాబాదులో ఆపరేషన్ చేస్తే మోచెయ్యి మడవగలదేమో. వేళ్లు?... వేళ్ల మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు.

పంజా పట్టేది వేళ్లతోనే.

జూలై 24

ఇంటికి తీసుకొచ్చాం. రజిత చెప్పులు విప్పి నేరుగా మగ్గం దగ్గరకు పోయింది. సగం నేసిన దరీ అలాగే ఉంది, నీలం మీద ఎర్ర జిగ్‌జాగులు. దాని ముందు కూర్చుంది. ఎడమ చేత్తో పంజా ఎత్తి ఒక దెబ్బ కొట్టింది. వంకరగా పడింది. ఇంకోటి కొట్టింది. అది ఇంకా వంకర. పంజా పక్కన పెట్టేసి వంటింట్లోకి వచ్చి, ఈ రోజు ఏం కూర అని అడిగింది.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. ఈ వీధిలో ఇరవై ఏళ్లు నా దరీకే పేరు. అంచు చూసి ఇది ఫలానా ఆమె చెయ్యి అనేవాళ్లు. రజిత వచ్చాక నాలుగేళ్లలో ఆ మాట మారింది. చేనేత సొసైటీకి వచ్చిన పెద్దవాళ్లు నా దరీ దాటుకుని పోయి ఆమె దరీ తిరగేసి చూసేవాళ్లు. ఇవాళ ఆమె వంకర దెబ్బ చూసినప్పుడు నా కడుపులో ఏదో చల్లబడింది. ఒక్క క్షణం. సంతోషమే అది, వేరే పేరు లేదు.

ఆగస్టు 2

రజిత నా దగ్గరకు వచ్చి కూర్చుంది. తప్పు చేసిన పిల్లలాగా తల వంచుకుని. "నా బుద్ధి గడ్డి తిన్నది అత్తమ్మా. అంత బరువు పైన ఎట్ల పెట్టిన్నో. మీరు జెప్పే ఉంటరు, నేనే ఇని ఉండ" అంది.

ఇదే అవకాశం. తలుపు తెరిచి ఇచ్చినట్టు ఇచ్చింది.

"ఇగనన్న పెద్దోళ్లు జెప్పింది ఇను" అన్నాను.

సరేనంది. నా చీర అంచుకు అంటిన పసుపు తుడిచి లేచిపోయింది.

ఆగస్టు 3

నేను మనిషినేనా.

ఆగస్టు 9

చిన్ని జడ. రోజూ గొడవే. రజిత మోకాళ్ల మధ్య పిల్లను ఇరికించుకుని, పాయలు పళ్లతో పట్టుకుని ఒంటి చేత్తో అల్లాలని చూస్తుంది. సగంలో జారిపోతుంది. ఇవాళ పిల్ల విసుక్కుంది, నువ్వొద్దు, నానమ్మ వేస్తది అంది. నేను వేశాను. గట్టిగా, రిబ్బను కట్టి. రజిత గోడకు ఆనుకుని చూస్తూ ఉంది, బాగుందని మెచ్చుకుంది కూడా.

దవాఖాన నుంచి, చేతికి సూదులు గుచ్చి చూసే పిల్ల వారానికి రెండుసార్లు వస్తోంది, కసరత్తులు చేయిస్తుంది. భుజం కొద్దిగా కదిలింది. మోచెయ్యి లేదు.

ఆగస్టు 19

స్టేషన్‌లో మహిళలకు మీటింగు పెట్టారు, ప్రమాదాల గురించి. రైల్వే ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా ఇంటికి వచ్చి రజితను పిలిచింది. తోడు నేను పోవాల్సి వచ్చింది.

చిన్న వయసే ఆ ఇన్‌స్పెక్టరమ్మది, సూటిగా మాట్లాడుతుంది. పెద్ద ప్రమాదంలో మన చేతిలో ఏమీ ఉండదు, చిన్న ప్రమాదంలో చాలా ఉంటుంది అంది. బండి ఆగినా మనం ఆగం, మన సామాను ఆగదు. బరువైనవి సీటు కింద పెట్టండి. ఇనుము, స్టీలు, గాజు పైన పెట్టవద్దు. తలుపు దగ్గర నిలబడవద్దు. బండి ఔటర్‌లో ఆగింది కదా అని లేచి నిలబడి మూటలు సర్దుకోవద్దు, స్టేషన్ వచ్చేదాకా కూర్చునే ఉండండి. పసిపిల్లను ఒళ్లో పెట్టుకుంటే వీపు వెనక ఆనుడు ఉండేట్టు చూసుకోండి. ముందున్న వాళ్లు తలలూపుతున్నారు. వెనక వరుసలో ఒకామె పల్లీలు తింటోంది.

తరువాత రజిత లేచింది. పైటలో చుట్టుకున్న చెయ్యి బయటకు తీసి చూపించింది. "ఇది రైలు జేసింది గాదు. నేను జేసుకున్నది. నేను పెట్టిన బస్తనే నా మీద పడ్డది" అంది. పల్లీలు తినే ఆమె కూడా ఆగింది. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, కొట్టకపోతే బాగుండదని.

వచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది. కింద జాగా లేదా, ఎందుకు పైన పెట్టిందో మీకేమైనా గుర్తుందా అని. ఎవరూ ఊరికే పెట్టరట, ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందట. ఆ కారణం తెలియకుండా ఎన్ని మీటింగులు పెట్టినా దండగ అంది. నాకు తెలియదన్నాను.

సెప్టెంబర్ 3

హైదరాబాదుకు, నరాల డాక్టరు దగ్గరకు. నేను, రజిత. బస్సులో పోదామంటే వినలేదు, రైలులోనే పోవాలంది.

ఎక్కగానే మొదలుపెట్టింది. పైన ఎవరి సంచి చూసినా ఇది ఎవరిది, జర కింద పెట్టుకోండ్రి అని. ఇద్దరు దింపారు. ఒకామె ముఖం తిప్పుకుంది. ఘన్‌పూర్ దాటాక ఒకాయన గ్రైండరు రాయి పైన పెట్టి కునుకుతున్నాడు. రజిత తట్టి లేపింది. అతను కళ్లు తెరిచి ఆమె చెయ్యి చూశాడు, పైన రాయి చూశాడు. "అమ్మా, నీ చెయ్యి పోతే నా సామాను ఏంజేసింది?" అన్నాడు. పెట్టెలో సగం మంది నవ్వారు.

రజిత నా వంక తిరిగింది. మీరన్నా చెప్పుండ్రి అత్తమ్మా అంది.

కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆమె ఆ రాయి కింద నుంచి జరిగి నా పక్కకు వచ్చి కూర్చుంది. పైటతో ఆ చెయ్యి కప్పుకుంది.

సెప్టెంబర్ 4

మోచెయ్యి వస్తుందట. వేళ్లు రావు. డాక్టరు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. రజిత ఏడవలేదు. తిరుగు ప్రయాణంలో కూడా ఏడవలేదు. నాకు ఆమె ఏడుపు కావాలి, ఏడిస్తే ఓదార్చేదాన్ని.

సెప్టెంబర్ 17

ఆపరేషన్ దసరా దాటాక. సంపత్ నేత మానేసి గోదాములో పనికి పోతున్నాడు. రజిత మగ్గం మీద దరీ నేను పూర్తి చేశాను. ఎక్కడ ఆమె చెయ్యి ఆగి నాది మొదలైందో చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. సొసైటీ వాళ్లు అది వెనక్కి పంపారు.

దసరా

పంజాలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పీట మీద పేర్చాను. బస్తాలోవే, రక్తం కడిగినవే. పన్నెండులో మా ఇంటికి రెండు. దండం పెట్టుకోవడానికి రజితను పిలిచాను. వచ్చింది. నిలబడి చూసింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తి దండం పెట్టింది. ఒంటి చేత్తో పెట్టే దండం సలాములాగా ఉంది. చిన్ని చూసి నవ్వింది, రజిత కూడా నవ్వింది.

పక్కింటి భాగ్య బొబ్బట్లు పట్టుకుని వచ్చింది. వచ్చే వారం ఆమె నెక్కొండ పోతోందట, ఇంకో పది పంజాలకు. ఎట్లా తెస్తావు అని రజిత అడిగింది. "నీ లెక్క ఆగం గానులే. తాడుతోని గట్టిగ గట్టి పైన పెడ్త" అంది భాగ్య. కింద పెట్టమని రజిత బతిమాలింది. భాగ్య కళ్లు పెద్దవి చేసింది. పండుగ పూట అదేం మాట, కాళ్లకాడ పంజా పెడతారా, మీ అత్తనడుగు అంది.

ఇద్దరూ నా వంక చూశారు. ఒక్క మాట. కింద పెట్టు, భాగ్యా, తప్పు లేదు. అంతే అనాలి. నేను అంటే ఈ వీధి వింటుంది, ఇలాంటివన్నీ నేర్పింది నేనే.

ఎవరి నమ్మకం వాళ్లది అన్నాను. బొబ్బట్టు తుంచి చిన్ని నోట్లో పెట్టాను.

అక్టోబర్ 9

భాగ్య క్షేమంగా వచ్చింది. బస్తా పైన పెట్టే తెచ్చానని వీధంతా చెప్పింది. చూశారా, ఏమైంది, ఏం కాలేదు, అంతా జాగ్రత్తలో ఉంది అంటోంది. రజిత మా గుమ్మంలో కూర్చుని విన్నది. భాగ్యకు ఏమైనా అయి ఉంటే బాగుండేదని... లేదు. అది రాయను.

అక్టోబర్ 14

విచారణ వాళ్ల నుంచి కాగితం. గాయపడ్డవాళ్లు, గాయం ఎట్లా అయిందో ఉన్నది ఉన్నట్టు రాసి ఇవ్వాలి. ఎల్లుండి పది గంటలకు ఇన్‌స్పెక్టరమ్మ మా ఇంటికే వచ్చి తీసుకుపోతుందట. రాయలేనివాళ్లు వేరేవాళ్లతో రాయించి వేలిముద్ర వేయవచ్చు.

సంపత్ రాస్తానన్నాడు. "నువ్వద్దు. అత్తమ్మ అక్షరాలు ముత్యాలు. అత్తమ్మ రాస్తది" అంది రజిత.

అక్టోబర్ 15

సంపత్ పనికి పోయాక కూర్చున్నాం. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. మధ్యలో నా మాట రాకూడదు. చెప్పే మనిషి మాటగానే ఉండాలట, 'నేను' అనే రాయాలట.

పేరు రాశాను. వయసు, ఇల్లు, ఏ బండి, ఎక్కడ ఎక్కింది. పన్నెండు పంజాలు, గోనె బస్తా. రజిత గుమ్మం వైపు చూస్తూ చెబుతోంది, ఆగి ఆగి, నాకు రాసే వీలు ఇస్తూ.

"బస్తను నేను ముందుగాల సీటు కిందికి తోసిన" అంది.

కలం ఆగింది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. సంపత్‌కు చెప్పలేదు, భాగ్యకు చెప్పలేదు.

"రాయుండ్రి అత్తమ్మా."

రాశాను.

"కాళ్లకాడ పంజా పెట్టద్దని, నేనే మల్ల గుంజి పైన పెట్టిన. నా తల మీద పెట్టిన. ఎదురుంగ గూడ ఖాళీ జాగ ఉండె."

గొంతులో కోపం లేదు. అంగడిలో తేవాల్సిన సరుకులు చెప్పినట్టు చెబుతోంది. నేను రాస్తూనే ఉన్నాను, చెయ్యి ఆగితే ముఖం ఎత్తాల్సి వస్తుందని. నేను గుంజాను. నేను పైన పెట్టాను. ఖాళీ ఉన్నా నేను అక్కడ పెట్టలేదు. అక్షరాలు నావి, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. చదివి వినిపించమంది. వినిపించాను. 'నేను' వచ్చిన ప్రతిచోటా ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాను. అంతా సరిగ్గా ఉందంది.

ఇంకు డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. కాగితం కింద వేలిముద్ర వేసే చోటు చూపించాను. ఆమె డబ్బా వంక చూసింది. ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉంది.

"నా ఏలిముద్ర ఎందుకు?" అంది. "రాసింది మీరే గద."

లేచింది. చిన్నికి ఇవాళ ఒంటిపూట బడి, తీసుకురావడానికి పోతున్నానని చెప్పి చెప్పులు వేసుకుంది. ఎప్పటి నుంచి గుర్తుందని అడగాలనుకున్నాను. హైదరాబాదు రైలులోనా, దసరా నాడా, లేక దవాఖానలో నాకు క్షమాపణ... కాదు, అది ఇంటికి వచ్చాక. తెలిసే క్షమాపణ చెప్పిందా ఆ రోజు. నేనేమీ అడగలేదు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

ఇన్‌స్పెక్టరమ్మ రేపు పది గంటలకు వస్తుంది. ఆ లోపు సాయంత్రం సంపత్ వస్తాడు, ముందు కాగితం చూపించమంటాడు.

బల్ల మీదే ఉంది. పైన ఉన్న పేరు ఆమెది. కింద ఖాళీ. ఇంకు ఆరిపోతుంది, మూత పెట్టాలి. ఇంకా పెట్టలేదు.